మా ఊరి ఎర్రమన్ను

బీదరులో కాపురమున్న తెలుగు ఇల్లాలిని ఈ ఊరిని గురించి ఒక్కమాట చెప్పమంటే కోట పేరో, మదరసా పేరో చెప్పదు. "ఇక్కడ తెల్లబట్ట నిలవదు" అంటుంది. అది ఫిర్యాదూ కాదు, పొగడ్తా కాదు; అనుభవం. పండుగనాడు కట్టిన తెల్లపంచె సాయంత్రానికి అంచున జేగురు పూసుకొని ఇల్లు చేరుతుంది. వానాకాలంలో వాకిటి నీరు దిష్టి తీసిన ఎర్రనీళ్ళవలె కాలువకు పోతుంది. గోడకు వేసిన సున్నం మోకాలి ఎత్తువరకు రెండేండ్లలో గులాబి రంగుకు తిరుగుతుంది. ఈ ఎరుపుతో మేము నాలుగు తరాలుగా పోరాడుతున్నాము. గెలిచినవారు మాత్రం మాలో ఎవరూ లేరు.

ఈ మన్ను సంగతి పూర్తిగా తెలిసికొనవలెనని మా యింట పట్టుదల కలిగినది ఒక బావి వలన. ఆ బావి కథ తరువాత చెప్పుతాము. ముందు మన్ను కథ వినండి. బావి విలువ తెలియవలెనంటే అది ఎందులో తవ్వినదో ముందు తెలియాలి కదా.

మా ముత్తాత నారాయణఖేడు వైపునుండి వచ్చి ఇక్కడ బట్టల అంగడి పెట్టినాడు. అప్పుడది ఊరు మారడమే గాని రాజ్యం మారడం కాదు. నారాయణఖేడూ, జహీరాబాదూ, బీదరూ అన్నీ నిజాము రాజ్యంలోని ఒకే జిల్లా. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ తాలూకాలు ఆంధ్రప్రదేశంలోని మెదకు జిల్లాకు పోయినవి, బీదరు మైసూరు రాష్ట్రంలో చేరినది. మధ్యను గీత పడినది. కాని జహీరాబాదునుండి బస్సులో వచ్చేవారెవరైనా కిటికీలోనుండి చూస్తే తెలుస్తుంది, మన్నుకు ఆ గీత సంగతి తెలియదు. అక్కడి గట్లమీదా ఇదే ఎరుపు. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల నెత్తినా ఇదే ఎరుపు.

బీదరు ఒక బల్లపరుపు మిట్టమీద ఉన్నది. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు మించిన ఎత్తు. మిట్ట అంచునుండి పల్లానికి దిగే దారిలో ఎక్కడైనా రోడ్డుకోసం గట్టు కోసిన చోట నిలబడి చూడండి. పైన గట్టి ఎర్రరాయి. తేనెపట్టువలె తూట్లు తూట్లుగా ఉంటుంది. దానికింద మెత్తని ఎర్రమన్ను, తెలుపూ పసుపూ మచ్చలు కలిసిన సుద్ద. ఇంకా దిగితే పొట్టు రాలుతున్న ఉల్లిగడ్డవలె పొరలు పొరలుగా విచ్చిపోతున్న నల్లని గుండ్లు. అట్టడుగున చెక్కుచెదరని నల్లరాయి. పైనుండి కిందికి రంగు మారుతున్నది గాని ఎక్కడా కత్తితో కోసినట్లు హద్దు కనబడదు. అందులోనే గుట్టంతా ఉన్నది. పై ఎర్రరాయి ఎక్కడినుండో వచ్చి నల్లరాతిమీద పడినది కాదు. నల్లరాయే ఎర్రరాయి అయినది.

నల్లరాయి పుట్టుక మనలో చాలామందికి తెలిసినదే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రితం దక్కను నేల బీటలువారి, కరిగిన రాయి లోపలినుండి వెలికుబికి, పొరమీద పొరగా పరచుకొన్నది. అదే దక్కను లావా. దాని ఆగ్నేయపు అంచుకు చేరువగా బీదరు ఉన్నది. లావా చల్లారిన తరువాత పని వానది.

వాన చేసిన పని చెప్పడానికి మా నాయనమ్మ వంటయింటికంటె మంచి బడి లేదు. చింతపండు నానబెట్టి పిసుకుతాము. మొదటి నీటిలో పులుపంతా వస్తుంది. రెండవసారి పిసికితే కొంత వస్తుంది. పదిసార్లు పిసికినాక చేతిలో మిగిలేది పిప్పి. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకొని కొద్దిపాటి పులుపుతో నేలకు దిగుతుంది. ఆ నీరు నల్లరాతిని లక్షల, కోట్ల ఏండ్లు పిసికినది. ఉప్పుకు మూలమైన సోడియం, సున్నానికి మూలమైన కాల్షియం, మెగ్నీషియం మొదట కరిగి వాగులకు, నదులకు, సముద్రానికి పోయినవి. తరువాత నెమ్మదిగా సిలికా పోయినది. నల్లరాతిలో అది సుమారు సగం వంతు. ఏ నీటికీ లొంగక మిగిలినవి రెండు. ఒకటి ఇనుము, రెండవది అల్యూమినియం. మన కాలికింది ఎర్రరాయి ఆ మహాకాలపు పిప్పి.

ఈ రాతికి లాటరైటు అని పేరు పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. 1807లో అచ్చైన తన ప్రయాణ గ్రంథంలో మలబారు ప్రాంతపు అంగాడిపురం దగ్గర చూచిన రాతికి ఆ మాట వాడినాడు. లాటిను భాషలో లేటర్ అంటే ఇటుక. నేలలో ఉన్నంతకాలం గొడ్డలికి తెగేటంత మెత్తన, కోసి గాలికి ఆరబెడితే ఇనుము బిగిసి ఇటుకవలె గట్టిపడుతుంది గనుక ఆ పేరు. 1840 దశకంలో న్యూబోల్డు అనే సైనికాధికారి మన బీదరు ఎర్రరాతిని గురించి విపులంగా వ్రాసినాడు. పండితుల దృష్టి ఈ మిట్టమీదినుండి తరువాత కూడ తొలగలేదు. 2004లో కొందరు శాస్త్రజ్ఞులు ఇక్కడి మన్నును పైనుండి కిందివరకు, సుమారు 50 మీటర్ల మేర, మెట్టు మెట్టుగా తీసికొనిపోయి అందులోని లిథియమును పరీక్షించి ప్రకటించినారు. పైపొరలలో కొంత కింది రాతినుండి పుట్టినది కాదనీ, గాలి దూరదేశాలనుండి మోసికొనివచ్చిన దుమ్మనీ తేలినది. అనగా ఈ మిట్టమీద వలస వచ్చి స్థిరపడినవారము మనమొక్కరమే కాదన్న మాట.

ఇంత దూరమునుండి శాస్త్రజ్ఞులు మన గట్టు మన్ను కోసం ఎందుకు వస్తారు? భూమి తొలినాళ్ళ సంగతి చదవడానికి వారికి ఇది ఒక నిఘంటువువంటిది. ఆ తొలినాళ్ళలోనూ వానలు కురిసినవి, రాళ్ళు మన్నైనవి. అట్టి పాతనేలలు కొన్ని తరువాతి రాళ్ళకింద కప్పబడి, గట్టిపడి, నేటిదాకా మిగిలినవి. అవి ఏమి చెప్పుతున్నవో అర్థం కావలెనంటే, పుట్టుక తెలిసిన మన్నును పక్కన పెట్టుకొని పోల్చి చూడాలి. 2014లో కూడ బీదరు మన్నునూ, మధ్యప్రదేశంలోని ఛింద్వాడా దగ్గరి మన్నునూ ఇట్లే పోల్చి చూచినారు. ఛింద్వాడాది ఇప్పుడిప్పుడే పిసుకుడు మొదలైన మన్ను. మనది పిప్పి అయినది.

పాతనేల చెప్పే సంగతులలో పెద్దది ఇనుము సంగతి. బోరునీరు వాడే ఇండ్లలో దీని రుజువు దినదినమూ కనబడుతుంది. బోరునుండి పట్టిన బిందెడు నీరు పట్టినప్పుడు అద్దంవలె ఉంటుంది. రాత్రంతా మూత తీసి ఉంచితే తెల్లవారేసరికి అడుగున ఎర్రని మడ్డి. నేల లోతున గాలి తగలనంతకాలం ఇనుము చక్కెరవలె నీటిలో కరిగి ఉంటుంది. ప్రాణవాయువు తగలగానే తుప్పై విడిపోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకొని చూడండి. గాలిలో ప్రాణవాయువు లేని కాలంలో వాన కురిస్తే ఏమవుతుంది? మన్నులోని ఇనుము నీటితోపాటు కొట్టుకొనిపోతుంది. ఆ నేల ఎర్రబడదు. ప్రాణవాయువు ఉన్న కాలంలో ఇనుము అక్కడనే తుప్పుపట్టి నిలుస్తుంది, నేల ఎర్రబడుతుంది.

భూమి వయస్సు సుమారు 450 కోట్ల ఏండ్లు. గాలిలో ప్రాణవాయువు చెప్పుకోదగినంత నిలిచినది సుమారు 240 కోట్ల ఏండ్ల క్రితమని పండితుల నిర్ణయం. అంతకు ముందటి పాతనేలలు అనేకం ఇనుమును పోగొట్టుకొని వెలవెలబోయినవి. తరువాతివి ఇనుమును నిలుపుకొన్నవి. దక్షిణాఫ్రికాలో దాదాపు 220 కోట్ల ఏండ్ల నాటి పాతనేలలో మన లాటరైటు వంటి ఎర్రపొరే దొరికినది. మన దేశంలో ఒడిశాలోని కెందుఝరు ప్రాంతపు పాతనేల 300 కోట్ల ఏండ్లకు పైబడినది. అప్పటికే ప్రాణవాయువు జాడ కొంత ఉండెనని దానిని పరీక్షించినవారు 2014లో వాదించినారు. ఇక నేలనుండి కొట్టుకొనిపోయిన, సముద్రపు అడుగునుండి ఊరిన ఆ ఇనుము ఏమైనది? తొలి సముద్రాలలో పొరలు పొరలుగా పేరుకొన్నది. బళ్ళారి, సండూరు కొండలలో లారీలకెత్తుతున్న ఇనుపరాయి అట్లు పేరుకొన్నదే. అది 250 కోట్ల ఏండ్లకు మించినది.

కనుక ఎరుపు అంటే మురికి కాదు. భూమి ఊపిరి పీల్చినదనడానికి గుర్తు. మనం ఉతికి ఉతికి విసిగిపోయే పంచె అంచుమీద ఉన్నది ఆ ఊపిరి.

ఇది పైన కురిసిన చల్లని నీరు చేసిన పని. ఆ తొలికాలంలోనే భూమి లోతులలో మరొక నీరు పనిచేసినది. అది వేడినీరు. మైళ్ళ లోతున, రాళ్ళు నలిగి వేడెక్కినప్పుడు వాటినుండి విడివడిన నీరు బొగ్గుపులుసు వాయువునూ, గంధకాన్నీ కలుపుకొని, రాళ్ళలో చెదరి ఉన్న బంగారాన్ని కరిగించుకొని పగుళ్ళవెంట పైకి వచ్చినది. దారిలో చల్లారినప్పుడో, ఇనుపరాయి తగిలి గంధకం విడిపోయినప్పుడో బంగారాన్ని అక్కడనే వదిలినది. తనతో తెచ్చిన సిలికాను తెల్లపలుగు రాయిగా పగులులో నింపినది. రాయచూరు జిల్లాలోని హట్టి గని అట్లు ఏర్పడినది. కోలారు గని అట్లు ఏర్పడినది. రెండింటికీ సుమారు 250 కోట్ల ఏండ్లు. కోలారు గనిలో మన తెలుగువారు ఎందరు దిగి పనిచేసినారో, ఆ ఊరినుండి వచ్చిన కోడళ్ళున్న ఇండ్లవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ గని 2001లో మూతపడినది. హట్టిలో మాత్రం నేటికీ బంగారం తీస్తున్నారు. తుత్తునాగం, సీసం, వెండి ఖనిజాలు కూడ ప్రపంచంలో చాలాచోట్ల ఇట్లు ఉప్పటి వేడినీళ్ళు మోసికొనివచ్చి దింపినవే. రాజస్థానంలోని జావరు తుత్తునాగపు గనులు అట్టి పురాతన శిలలలోనే ఉన్నవి.

చల్లని నీటికీ, వేడినీటికీ పెండ్లి జరిగిన చోటు ఒకటి మన ఊరిలోనే ఉన్నది. అదే బిద్రీ పని. మన ఇండ్లలో పెండ్లికూతురుకు పెట్టే వస్తువులలో బిద్రీ వక్కలపెట్టె ఒకటి ఉండడం ఈ ఊరి తెలుగువారికి ఆచారమైపోయినది. మా చెల్లెలి పెండ్లికి పెట్టె చేయించవలసి వచ్చినప్పుడు మేము కార్ఖానాలో రెండు పూటలు కూర్చొని ఆ పని మొదలునుండి చివరిదాకా చూచినాము. తుత్తునాగం పదహారు పాళ్ళు, రాగి ఒక పాలు కలిపి మన్ను అచ్చులో పోస్తారు. పోతను ఆకురాయితో నునుపుచేసి, మైలుతుత్తపు నీళ్ళతో తాత్కాలికంగా నల్లబరచి, ఆ నలుపుమీద ఉలితో తీగలు పూలు చెక్కుతారు. చెక్కిన గాడిలో వెండితీగను సుత్తితో మెల్లగా దిగగొడతారు. మళ్ళీ నునుపు చేస్తే వస్తువంతా ఒకే తెలుపుగా కనబడుతుంది. వెండి ఎక్కడున్నదో, తుత్తునాగం ఎక్కడున్నదో చూపుకు ఆనదు.

అప్పుడు వస్తుంది మన్ను వంతు. కోటలో ఏండ్ల తరబడి ఎండా వానా సోకని చోటినుండి తెచ్చిన మన్ను. ఉస్తాదు చిటికెడు తీసి నాలుకమీద వేసికొన్నాడు. మా చెల్లెలు "అయ్యో, మన్ను తింటున్నారేమి మామూ!" అన్నది. ఆయన నవ్వి, "నాలుక ఒప్పుకోని మన్ను పెట్టెకు పనికిరాదు బేటీ. తప్పు మన్ను పెడితే పెట్టె బూడిదరంగు తేలుతుంది, నువ్వు అత్తవారింట నా పేరు చెడగొడతావు" అన్నాడు. ఉప్పునూ సూరేకారాన్నీ ఆ నాలుక పసికడుతుంది. ఆ మన్నునూ నవాసాగరాన్నీ నీటితో కలిపి వేడిచేసి పెట్టెకు పట్టించి, కొంతసేపటికి కడిగివేసినారు. తుత్తునాగం, రాగి కలిసిన భాగమంతా నిగనిగలాడే నలుపైనది. వెండి మాత్రం తెల్లగా అట్లే నిలిచినది. ఆముదం చుక్క వేసి తుడిచేసరికి అమావాస్య రాత్రి చుక్కలు పొడిచినట్లు పూలన్నీ వెలికివచ్చినవి.

వేడినీరు తెచ్చిన లోహాన్ని చల్లని నీరు చేసిన మన్నుతో తోమితే ఈ వస్తువు పుట్టినది. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2023లో మన ఊరి బిద్రీ పనివారు షా రషీద్ అహ్మద్ ఖాద్రీగారికి పద్మశ్రీ వచ్చినది. చేయి ఎవరిదైనా, నలుపు ఇచ్చేది మాత్రం మన్నే. గంపెడు ఎత్తుకొంటే దాని చోట మరొక గంపెడు మన కాలంలో పుట్టదు.

ఇక నీటి సంగతి, దానితోపాటు బావి సంగతి.

పైని ఎర్రరాయి తూట్లమయమని చెప్పినాము. కురిసిన వాన దానిలోనికి జల్లెడలో పోసినట్లు దిగుతుంది. కింద సుద్దపొర, నల్లరాయి అడ్డుపడతాయి. నీరు అక్కడ ఆగి, పక్కకు జరిగి, మిట్ట అంచున ఊటగా బయటపడుతుంది. గురుద్వారాలోని నానక్ ఝీరా, నరసింహ ఝరణి, పాపనాశం గుడి కొలను అన్నీ ఈ ఎర్రమిట్ట అంచుల నీళ్ళే. గురునానకుల ఝీరాకు సిక్కులు దేశం నలుమూలలనుండి వస్తారు. నీరు నిలిచిన సొరంగం చివర వెలసిన నరసింహునికి మనవారు మొక్కుకొంటారు. దేవుళ్ళు వేరు, ఊట ఒక్కటే.

బహమనీ సుల్తానులు పదిహేనవ శతాబ్దంలో గుల్బర్గానుండి రాజధానిని ఇక్కడికి మార్చినప్పుడు ఈ రాతి గుణం వారి పనివారు బాగా కనిపెట్టినారు. కోటచుట్టు మూడు వరుసల కందకాన్ని ఎర్రరాతిలోనే తొలిచినారు. ఇరాను దేశపు పద్ధతిని నేలలోపల సొరంగాలు తవ్వి, ఊటనీటిని వాలుగా నడిపించి ఊరికి తెచ్చినారు. వాటినే కారేజులంటారు, మనవారి నోట సురంగబావులు. నౌబాదు కారేజుకు మైలుకు పైబడిన పొడవునా గాలికి, చేదకు ఇరవైకి పైగా నిలువు బావులున్నవి. కాలక్రమాన వాటిలో చెత్త నిండి, కొన్నింటిమీద కట్టడాలు లేచి, ఊరు వాటిని మరచినది. గత పదిహేనేండ్లలో భూగోళ శాస్త్రాచార్యుడు గోవిందన్‌కుట్టి మొదలైనవారు వెతికి పటం గీసినారు. తరువాత పూడిక తీసే పని నడిచినది. తీసినకొద్దీ నీరు కనబడినది. ఆరువందల ఏండ్ల కిందటి వాలు ఇంకా తప్పలేదు.

మా పెరటిలోని బావి కూడ ఈ ఎర్రరాతిలో తవ్వినదే. మా తాత తవ్వించినాడు. రాతి ఒరలు అక్కరలేదు, గోడ దానంతట అదే నిలిచినది. 2015లో మా చిన్నాయన కొడుకు ఆ బావి పూడ్చి దానిమీద రెండు గదులు వేసి అద్దెకిద్దామన్నాడు. అతని మాట తీసివేయవలసినది కాదు. కూతురు డాక్టరు చదువులో చేరినది, ఫీజు పెద్దది. నల్లా ఉన్నది, నాలుగువందల అడుగుల బోరున్నది, బావిని ఎవరు వాడుతున్నారు? ఇంటిల్లిపాదీ కూర్చొని లెక్కలు వేసినాము. సగంమంది గదులవైపు, సగంమంది ఎటూ తేల్చని వైపు. చివరకు మా పెద్దనాయన అన్నాడు: "ఒరే, ఆ బావిలో నీళ్ళు మనం పోయలేదు. పూడ్చడానికి మనకేమి హక్కున్నది? ఒక్క ఎండాకాలం చూచి చెప్పండి."

ఆ ఎండాకాలం 2016ది. పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. పక్కనున్న లాతూరుకు ఏప్రిలులో మిరజునుండి రైలుమీద నీళ్ళు తెచ్చినారు. మంజీర ఇసుక తేలినది. మా బోరు మార్చిలోనే గాలి పీల్చి ఆగినది. బావిలో మాత్రం అడుగున మోకాలిలోతు ఊట నిలిచినది. తెల్లవారుజామున ఇరవై బిందెలు తోడితే మరునాటికి మళ్ళీ ఇరవై ఊరేవి. మా రెండు కాపురాలూ, పక్కనున్న మరి మూడిండ్లూ ఆ ఇరవై బిందెలతో జూను దాటినాము. మొదట చేదతాడు పట్టినది మా చిన్నాయన కొడుకే. మా వీధిలో మరొక ఇంటివారు అంతకు రెండేండ్ల ముందు తమ బావిని ఇటుకముక్కలతో నింపి చదును చేసికొన్నారు. ఆ వేసవిలో వారి ఇల్లాలు మా గిలక దగ్గర వరుసలో నిలబడేది. ఆమెను ఎవరూ ఒక్కమాట అనలేదు, ఆమే ఒకనాడు తాడు అందుకొంటూ "మాది మీ బావికంటె తియ్యటి నీళ్ళు వదినా" అన్నది. మా వదినె ఏమీ మాట్లాడక ఆమె బిందె ముందు నింపినది.

గదులు కట్టలేదు. అద్దె రాలేదు గనుక అమ్మాయి చదువుకు బ్యాంకులో అప్పు తెచ్చినాము. ఆ అప్పు ఇంకా తీరుతూనే ఉన్నది. బావి ఊరికే నిలవలేదని చెప్పడానికి ఈ సంగతి వ్రాస్తున్నాము. మంచిమాట చెప్పడం తేలిక, దానికి వెల ఎవరో ఒకరు కట్టాలి. ఇంటిల్లిపాదీ తలా కొంత వేసికొన్నాము.

ఈ మన్నును చూచినప్పుడు మాకు తోచే మాట మరొకటి ఉన్నది. వాన పిసికినప్పుడు తేలికగా కరిగేవి ముందు పోతాయి. మన ఇండ్లలోనూ అంతే. నాలుగు తరాలలో ఊరిపేర్లు పోయినవి, కొలతల లెక్కలు పోయినవి, పండుగ పాటలు చాలా పోయినవి. బజారులో కన్నడం, కార్ఖానాలో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు. అందులో చెడు ఏమీ లేదు, ఆ భాషలు మనకు అన్నం పెట్టినవి. ఐనా కోపం వచ్చినప్పుడు, నొప్పి కలిగినప్పుడు, పసిపిల్లను జోకొట్టేటప్పుడు నోటివెంట వచ్చేది తెలుగే. అది మన ఇనుము. గాలి తగిలేటట్లు వాడుతూ ఉంటే గట్టిపడుతుంది.

సంఘపు సభ్యులకు మా మనవి మూడు మాటలు. మీ పెరటిలో పాతబావి ఉంటే పూడ్చవద్దు. మూతకు ఇనుపజల్లెడ వేయించండి, పైకప్పు వాననీటిని ఇసుక, కంకరల గుంటలో వడగట్టి దానికే మళ్ళించండి. ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన ఇటుకముక్కలను దగ్గరలో ఏ నిలువు గుంట కనబడితే ఆ గుంటలో పోయనీయవద్దు. అది కారేజు నోరు కావచ్చు. మూడవది ఖర్చులేనిది. ఈ సెలవులలో పిల్లలను మిట్ట అంచున గట్టు కోసిన చోటికి తీసికొనిపొండి. పైన ఎర్రరాతిమీద ఒక చేయి, కింద నల్లరాతిమీద ఒక చేయి పెట్టించండి. రెండు చేతుల నడుమ ఎన్ని కోట్ల వానలున్నవో వారికి చెప్పండి. బట్టలు ఎర్రబడతాయి. ఆ ఒక్కనాటికి తిట్టకండి.